విండోస్, ఆండ్రాయిడ్, బ్రౌజర్: మూడింట్లోనూ నడిచే చిన్న గేమ్‌కి ఏ ఇంజిన్ తీసుకోవాలి?

వానచినుకు

అందరికీ నమస్కారం. ఉద్యోగం అయ్యాక దొరికే ఖాళీలో ఒక 2డీ పజిల్ గేమ్ చేద్దామనుకుంటున్నాను. డబ్బుల కోసం కాదు, కానీ నలుగురూ ఆడాలని ఉంది, అందుకే విండోస్, ఆండ్రాయిడ్, బ్రౌజర్ మూడింట్లోనూ నడవాలి. ఐఫోన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ప్రోగ్రామింగ్ భాషల్లో సి షార్ప్ బాగానే వచ్చు, పైథాన్ కొద్దిగా వచ్చు. లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

ఇంజిన్లలో (అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో) యూనిటీ, గోడాట్, గేమ్‌మేకర్ మధ్య ఊగిసలాడుతున్నాను. వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు, చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏదీ తేలడం లేదు. నెలల తరబడి పని చేశాక అది నా గేమ్‌కి పనికిరాదని తెలిస్తే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు ఉండదు. మీరైతే ఏది తీసుకుంటారు, ఎందుకు?

పిక్సెల్‌పిచ్చి

ముందు ఒక్కటి చెప్పండి, ఆ మూడింట్లో మీకు తప్పనిసరిగా కావాల్సింది ఏది? "మూడూ కావాలి" అని అందరూ అంటారు, కానీ జనం ఎక్కువగా ఎక్కడ ఆడతారో అదే మిగతా నిర్ణయాలన్నిటినీ నడిపిస్తుంది. బ్రౌజర్ ముఖ్యమైతే డౌన్‌లోడ్ సైజు చూడాలి, ఫోన్ ముఖ్యమైతే టచ్, బ్యాటరీ, స్టోర్ నిబంధనలు చూడాలి, పీసీ మాత్రమే అయితే దాదాపు ఏ ఇంజిన్ అయినా సరిపోతుంది.

నా ఓటు మాత్రం గోడాట్‌కే. 2డీ కోసం విడిగా చేసిన రెండరర్ (బొమ్మల్ని తెర మీద గీసే భాగం) ఉంది, కొలతలన్నీ నేరుగా పిక్సెళ్లలోనే ఉంటాయి, ఎడిటర్ ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, జిప్ విప్పి తెరిస్తే చాలు. మీ 8 జీబీ లాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే రెండరర్ అడుగుతుంది, అక్కడ కంపాటిబిలిటీ ఎంచుకోండి. పాత ఫోన్లలో నడిచేది అదే, వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ అయ్యేదీ (అంటే బ్రౌజర్‌లో నడిచే గేమ్‌గా బయటికి తీయగలిగేదీ) అదే.

షార్ప్‌కోడ్

గోడాట్ మంచిదే, కాదనను. కానీ ఆయనకి సి షార్ప్ వచ్చని రాశారు కదా, ఆ మాట ఎవరూ పట్టించుకోకుండా దాటిపోతే ఎలా?

యూనిటీలో సి షార్ప్ రాస్తే, అందులోని ఐఎల్2సీపీపీ అనే టూల్ దాన్ని సి ప్లస్ ప్లస్‌గా మార్చి ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ బ్రౌజర్‌కీ బిల్డ్ (నడపడానికి సిద్ధంగా ఉన్న గేమ్) ఇస్తుంది, ఒకే కోడ్. యూనిటీ 6 నుంచి ఫోన్ బ్రౌజర్లకు కూడా అధికారికంగా సపోర్ట్ ఉంది. హాలో నైట్, కప్‌హెడ్ రెండూ 2డీయే, రెండూ యూనిటీలో చేసినవే, కాబట్టి "యూనిటీ 2డీకి పనికిరాదు" అనే మాట నమ్మకండి. ఇంకా ముఖ్యమైన సంగతి, మీరు ఎక్కడైనా ఇరుక్కుంటే అదే ప్రశ్న ఎవరో ఒకరు ముందే అడిగి ఉంటారు, జవాబు కూడా ఉంటుంది. సాయంత్రం దొరికేది గంటో రెండు గంటలో అయినప్పుడు ఆ తేడా చాలా పెద్దది.

మైనస్ కూడా చెప్తాను. ఎడిటర్ బరువు. ఇన్‌స్టాలేషన్ జీబీల్లో ఉంటుంది, చిన్న స్క్రిప్ట్ మార్చినా మళ్లీ కంపైల్ అయ్యేదాకా ఆగాలి, 8 జీబీ మెషీన్‌లో పక్కనే బ్రౌజర్ ట్యాబులు నాలుగు తెరిచి ఉంటే ఆ ఆగడం మరీ తెలుస్తుంది.

పాతచిప్

> మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు ఉండదు

ఈ మాట మీదే నేను మాట్లాడతాను, ఎందుకంటే ఇంజిన్ ఎంచుకోవడంలో జనం చివరికి చూసేది లైసెన్స్, నిజానికి మొదట చూడాల్సింది అదే.

2023 సెప్టెంబరు 12న యూనిటీ వాళ్లు రన్‌టైమ్ ఫీజు ప్రకటించారు. ఒక పరిమితి దాటాక ప్రతి కొత్త ఇన్‌స్టాల్‌కీ డబ్బు, అదీ 2024 జనవరి 1 నుంచి, అప్పటికే విడుదలైన గేమ్‌లకి కూడా. గొడవ ఎంత పెరిగిందంటే పది రోజుల్లోనే నిబంధనలు సడలించారు, అక్టోబరులో సీఈఓ తప్పుకున్నారు, సరిగ్గా ఏడాదికి, 2024 సెప్టెంబరు 12న, గేమ్‌లకి ఆ ఫీజునే పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు ఫీజు లేదు, పర్సనల్ లైసెన్స్ పరిమితిని కూడా లక్ష డాలర్ల నుంచి 2 లక్షల డాలర్లకు పెంచారు, యూనిటీ 6 నుంచి గేమ్ మొదట్లో వచ్చే యూనిటీ లోగో తెర కూడా తప్పనిసరి కాదు. సరదాకి చేసేవాళ్లకి ఆ ఫీజు అసలు తగిలేదే కాదు, అది నిజమే. కానీ ఏళ్ల తరబడి నేర్చుకున్న పనిముట్టు నిబంధనలు ఒక్క ప్రకటనతో మారిపోవచ్చని అందరికీ తెలిసొచ్చింది. స్లే ద స్పైర్ తయారుచేసిన బృందం రెండో భాగాన్ని యూనిటీ నుంచి గోడాట్‌కి మార్చుకుంది అందుకే.

గోడాట్‌ది ఎంఐటీ లైసెన్స్, అంటే ఓపెన్ సోర్స్, దాని సోర్సు (కోడ్) ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మీరు ఇవాళ దించుకున్న వెర్షన్ ఇవాళ్టి నిబంధనలతోనే ఎప్పటికీ మీది. రేపు ఆ ప్రాజెక్టు నడిపేవాళ్లు ఏం చేసినా మీ చేతిలో ఉన్న సోర్సుని ఎవరూ లాక్కోలేరు. నాకు ఇది చాలా పెద్ద విషయం.

షార్ప్‌కోడ్

పాతచిప్ గారూ, లైసెన్స్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఓపెన్ సోర్స్ అయితే మారదని కాదు కదా. గోడాట్ 3 నుంచి 4కి వచ్చినప్పుడు నోడ్ల (గేమ్‌ని కట్టే ముక్కల) పేర్లు మారాయి, స్క్రిప్ట్ సింటాక్స్ మారింది, మార్చే టూల్ ఇచ్చినా చేత్తో సరిచేయాల్సింది బోలెడు మిగిలింది. పని పోవడం అంటే లైసెన్స్ వల్లే పోనక్కర్లేదు.

పాతచిప్

నిజమే, అందుకే ఏ ఇంజిన్ అయినా గేమ్ మధ్యలో ఉండగా పెద్ద వెర్షన్ మార్చొద్దంటాను. మొదలుపెట్టిన వెర్షన్‌తోనే పూర్తి చేయండి, చిన్న సవరణల వెర్షన్లు మాత్రం తీసుకోండి. ప్రాజెక్టుని మొదటి రోజే గిట్‌లో (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే టూల్‌లో) పెట్టండి.

వానచినుకు

ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్ అండీ. పిక్సెల్‌పిచ్చి గారు అడిగినదానికి జవాబు: ముందు బ్రౌజర్. లింకు పంపితే ఫ్రెండ్స్ వెంటనే ఆడాలి. తర్వాత ఆండ్రాయిడ్, ఆ తర్వాతే విండోస్.

అయితే గోడాట్‌లో కూడా సి షార్ప్ రాయొచ్చు కదా? అప్పుడు రెండు పక్షాలూ ఒప్పుకున్నట్టేగా :)

పిక్సెల్‌పిచ్చి

ఆగండి ఆగండి, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. గోడాట్ 4లో సి షార్ప్‌తో రాసిన ప్రాజెక్టు బ్రౌజర్‌కి ఎక్స్‌పోర్ట్ కాదు. విండోస్, లైనక్స్, మ్యాక్ అయితే ఇబ్బంది లేదు, ఆండ్రాయిడ్, ఐఓఎస్ 4.2 నుంచి ప్రయోగాత్మకంగా వచ్చాయి, వెబ్ మాత్రం లేదు. మీకు మొదటి ప్లాట్‌ఫామే బ్రౌజర్ కాబట్టి గోడాట్ అంటే దాని సొంత భాష జీడీస్క్రిప్టే. పైథాన్ చూసిన కళ్లకి అది కొత్తగా అనిపించదు, ఇండెంటేషన్‌తోనే నడుస్తుంది, టైపులు కూడా రాసుకోవచ్చు, రాస్తే ఎడిటర్ తప్పులు ముందే పట్టిస్తుంది. సి షార్ప్ వచ్చినవాళ్లకి అలవాటు పడటం పెద్ద పని కాదు.

ఇంకో సంగతి. గోడాట్ 4 మొదట్లో వెబ్ బిల్డ్‌లన్నీ థ్రెడ్లు (పక్కపక్కనే ఒకేసారి నడిచే పనులు) వాడేవి, దాంతో సర్వర్ నుంచి రెండు ప్రత్యేక హెడర్లు (పేజీతో పాటు సర్వర్ పంపే సూచనలు) రాకపోతే గేమ్ తెరుచుకునేదే కాదు, మామూలు హోస్టింగ్‌లో అవి పెట్టడం కుదిరేది కాదు. 2024 ఆగస్టులో వచ్చిన 4.3 నుంచి థ్రెడ్లు లేకుండా కూడా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు, ఆ బాధ తీరింది. పాత ట్యుటోరియల్ చూసి హెడర్ల గురించి బెంగపడకండి.

లువాలోకం

మూడు పేర్ల చుట్టూనే తిరుగుతున్నారు, బ్రౌజర్ మొదటిదైతే డిఫోల్డ్ అనే ఇంజిన్ సంగతి ఎందుకు ఎత్తరు?

గోడాట్‌లో ఖాళీ ప్రాజెక్టుని వెబ్‌కి తీసినా వెబ్‌అసెంబ్లీ ఫైలు (బ్రౌజర్‌లో నడిచే ఇంజిన్ కోడ్) ఒక్కటే పదుల ఎంబీలు ఉంటుంది, కుదించి పంపినా తక్కువేం కాదు. డిఫోల్డ్‌లో ఖాళీ ప్రాజెక్టు కొన్ని ఎంబీలతో సరిపోతుంది. లింకు నొక్కినవాళ్లు లోడింగ్ గీత వైపు ఎంతసేపు చూస్తారు చెప్పండి. సిగ్నల్ సరిగ్గా లేని ఫోన్‌లో అయితే సగం మంది వెనక్కి వెళ్లిపోతారు. డిఫోల్డ్ మొదట కింగ్ కంపెనీ చేతిలో ఉండేది, 2020లో ఒక ఫౌండేషన్‌కి అప్పగించి సోర్సు బయటపెట్టారు. మీ గేమ్ మీద రాయల్టీ లేదు, ఇంజిన్‌నే అమ్ముకోవడం మాత్రం కుదరదు. భాష లువా, నేర్చుకోవడం తేలిక.

నేను మాత్రం లవ్ అనే పనిముట్టు వాడతాను. ఎడిటర్ ఏమీ ఉండదు, లువా ఫైళ్లు, బొమ్మలు, శబ్దాలు, అంతే. బలాట్రో తయారైంది దాంట్లోనే, చేసింది ఒక్కరే, 2024లో విడుదలైంది, కన్సోళ్లకీ ఫోన్లకీ కూడా వెళ్లింది. కానీ లవ్‌కి అధికారికంగా వెబ్ బిల్డ్ లేదు, ఎవరో అభిమానులు చేసిన దారులు వాడాలి, అందుకని మీకు దాన్ని సిఫార్సు చేయను.

బొమ్మలబడి

నేను ప్రోగ్రామర్‌ని కాదు, బొమ్మలు గీస్తాను. ఈ దారం చదివేవాళ్లలో నాలాంటివాళ్లు కూడా ఉంటారని రాస్తున్నాను. గేమ్‌మేకర్‌ని ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. అండర్‌టేల్, హాట్‌లైన్ మయామీ రెండూ దాంట్లోవే. 2023 నవంబరు నుంచి అమ్మకానికి కాని గేమ్‌లకి అది ఫ్రీ, కన్సోళ్లు తప్ప మిగతా అన్నిటికీ ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. అమ్మాలనుకుంటే ఒక్కసారి 99.99 డాలర్లు కట్టాలి, నెలనెలా కాదు. స్ప్రైట్ (గేమ్‌లో వాడే 2డీ బొమ్మ) ఎడిటర్ లోపలే ఉంటుంది, గీసిన బొమ్మని అక్కడికక్కడే కదిలించి చూసుకోవచ్చు, నాకు దాంట్లో ఉన్న సుఖం ఇంకెక్కడా దొరకలేదు.

అసలు కోడే వద్దనుకునేవాళ్లకి జీడెవలప్ ఉంది, ఓపెన్ సోర్స్, "ఇది జరిగితే అది చెయ్యి" అని వరసలు పేర్చుకుంటూ పోవడమే. కథ, సంభాషణలే ప్రధానమైన గేమ్ అయితే రెన్‌పై చూడండి, పైథాన్ మీద నడుస్తుంది, డోకి డోకి లిటరేచర్ క్లబ్ దాంట్లోదే.

మేఘాలబాట

అన్‌రియల్ వాడేవాడిని కాబట్టి నా వంతు చెప్తాను: మీకు అది వద్దు. 2డీ పజిల్ గేమ్‌కి అన్‌రియల్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఎడిటర్‌కే డిస్కులో పదుల జీబీలు కావాలి, విడి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే నరకం, బ్రౌజర్ ఎక్స్‌పోర్ట్‌ని 4.24లోనే ప్రధాన ఇంజిన్ నుంచి తీసేశారు. 3డీ చేయాలి, వెలుగునీడలు అద్భుతంగా ఉండాలి, మంచి మెషీన్ ఉంది అంటే అప్పుడు రండి. బ్లూప్రింట్లతో (డబ్బాలని గీతలతో కలిపి ఏం జరగాలో చెప్పే పద్ధతితో) ఒక్క లైను కోడ్ రాయకుండా గేమ్ పూర్తి చేయొచ్చు, ఒక గేమ్ మీద మొత్తం రాబడి 10 లక్షల డాలర్లు దాటేదాకా రాయల్టీ కట్టక్కర్లేదు, సరదాకి చేసేవాళ్లకి అంటే ఫ్రీయే.

గట్టుమీద

ఇంజిన్ ఎందుకండీ అసలు? రేలిబ్ తీసుకోండి, 2013 నుంచి ఉంది, సి భాషలో చిన్న లైబ్రరీ, విండో తెరవడం, బొమ్మ పెట్టడం, శబ్దం వాయించడం, అంతే. విండోస్, ఆండ్రాయిడ్, వెబ్ అన్నిటికీ వెళ్తుంది. ఎస్‌డీఎల్ అనే ఇలాంటిదే ఇంకో లైబ్రరీ అయితే 1998 నుంచీ ఉంది, ఎస్‌డీఎల్ 3 కూడా 2025 జనవరిలో స్థిరపడింది. లోపల ఏం జరుగుతుందో ప్రతి లైనూ మీకు తెలుస్తుంది, ఎవరి ఎడిటర్ బగ్గుల మీదా ఆధారపడక్కర్లేదు. సి షార్ప్ వదలడం ఇష్టం లేకపోతే మోనోగేమ్ ఉంది, స్టార్‌డ్యూ వ్యాలీ దాని మీదే నడుస్తోంది.

షార్ప్‌కోడ్

మోనోగేమ్‌కి అధికారికంగా వెబ్ లేదు. ఆయన మొదటి ప్లాట్‌ఫామ్ వెబ్.

రేలిబ్ గొప్ప లైబ్రరీయే, కానీ మెనూ, సీన్ మార్పు, యానిమేషన్, లెవెల్ ఎడిటర్, సెట్టింగుల పేజీ అన్నీ తనే రాసుకోవాలి. ఆయన గేమ్ చేస్తానంటున్నారు, మీరు ఇంజిన్ చేయమంటున్నారు.

గట్టుమీద

ఇంజిన్ రాయడం కూడా సరదాయే కదా. నాకైతే అదే అసలు సరదా. కానీ సరే, ముందు గేమ్ పూర్తవ్వాలి అన్నది ఆయన కోరిక అయితే మీ మాట న్యాయమే. ఒక్క పజిల్ గేమ్, పది రకాల టైల్స్, ఒక తెర, ఇంతే అయితే మాత్రం నా మాట మళ్లీ ఆలోచించండి, ఆ సైజు గేమ్‌కి లైబ్రరీ భారం కాదు.

పరీక్షశాల

ఆలస్యంగా వచ్చాను. పైన చెప్పినవి దాదాపు అన్నీ సరైనవే, కానీ ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది: ఇంజిన్ ఏదైనా, "ఒక్కసారి రాస్తే అన్నిచోట్లా నడుస్తుంది" అన్న మాటలో సగమే నిజం. నేను స్నేహితుల గేమ్‌లు రకరకాల ఫోన్లలో ఆడి తప్పులు పట్టే పని ఇష్టంగా చేస్తుంటాను, మళ్లీ మళ్లీ అవే కనిపిస్తాయి.

ఫైలు పేర్లు. విండోస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టింపు లేదు. ఫోల్డర్‌లో బొమ్మ పేరు పెద్దక్షరంతో మొదలై, కోడ్‌లో చిన్నక్షరంతో రాసి ఉన్నా మీ లాప్‌టాప్‌లో చక్కగా కనిపిస్తుంది. అదే ఆండ్రాయిడ్‌లో, బ్రౌజర్‌లో ఆ బొమ్మ దొరకదు, అక్కడ ఖాళీ చోటే ఉంటుంది లేదా గేమ్ ఆగిపోతుంది. పేర్లన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీల బదులు అండర్‌స్కోర్‌తో పెట్టే అలవాటు మొదట్నుంచీ చేసుకుంటే ఈ బగ్ మీ గడప తొక్కదు.

బొమ్మల సైజు. పీఎన్‌జీ ఫైలు డిస్కులో 300 కేబీ ఉందని ధైర్యం వద్దు. 2048 బై 2048 బొమ్మ జీపీయూలోకి (గ్రాఫిక్స్ చిప్‌లోకి) కుదించకుండా వెళ్తే ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే 16 ఎంబీ. 4096 అయితే 64 ఎంబీ. లాప్‌టాప్‌కి లెక్క కాదు, చవక ఫోన్‌కీ బ్రౌజర్ ట్యాబుకీ లెక్కే. కుదించుకునే పద్ధతులు కూడా పీసీకి ఒకటి, ఫోన్లకి ఇంకొకటి. గోడాట్‌లో ఆండ్రాయిడ్‌కి తీసేముందు ప్రాజెక్టు సెట్టింగుల్లో ఈటీసీ2, ఏఎస్‌టీసీ (ఫోన్లకి వాడే కుదింపు పద్ధతులు) ఇంపోర్ట్ ఆన్ చేయమని అడుగుతుంది, అది ఇందుకే.

ఫ్రేమ్ రేటు. మీ తెర 60 హెర్ట్జ్, ఎవరి ఫోనో 120. ప్రతి ఫ్రేమ్‌కీ 4 పిక్సెళ్లు జరుపు అని రాస్తే వాళ్ల ఫోన్‌లో బొమ్మ రెండింతల వేగంతో పరిగెడుతుంది. ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య గడిచిన కాలంతో గుణించాలి, లేదా స్థిరమైన అడుగులతో నడిచే ఫిజిక్స్ ఫంక్షన్‌లో రాయాలి. ఆ ఫంక్షన్‌ని గోడాట్ మామూలుగా సెకనుకి 60 సార్లు, యూనిటీ 50 సార్లు పిలుస్తుంది.

చివరిగా టచ్. మౌస్ పైకి తెస్తే వెలిగే బటన్‌కి ఫోన్‌లో అర్థం లేదు, వేలు పైన ఉండటం, నొక్కడం రెండూ ఒకటే అక్కడ. వేలు తెరని కప్పేస్తుంది కూడా, పజిల్ ముక్కని లాగుతుంటే ఆ ముక్కే కనిపించదు. పట్టుకున్న ముక్కని వేలికి కాస్త పైన చూపించండి, వెంటనే తేడా తెలుస్తుంది.

అందుకని నా సలహా, ఇంజిన్ ఏది అన్న చర్చ ఇంకా పొడిగించకుండా, మనసు మొగ్గుతున్న రెండింట్లో ఒక చతురస్రం, ఒక బటన్, ఒక శబ్దం ఉన్న ప్రాజెక్టు చేసి, మూడు ప్లాట్‌ఫామ్‌లకీ ఎక్స్‌పోర్ట్ తీసి, నిజమైన ఫోన్‌లో చూడండి. ఆండ్రాయిడ్ బిల్డ్‌కి కావాల్సిన టూళ్లు ఎస్‌డీకే, జేడీకే పెట్టుకోవడం దగ్గరే సగం ఓపిక పోతుంది, ఆ ఓపిక గేమ్ మొదలుకాకముందే ఖర్చు పెట్టడం నయం.

అంగడిదారి

స్టోర్ల సంగతి కూడా ముందే తెలుసుకోండి, చాలామంది గేమ్ అయ్యాక తెలుసుకుని నీరసపడతారు. గూగుల్ ప్లే ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే విడుదలకి ముందు కనీసం 12 మంది టెస్టర్లు 14 రోజుల పాటు ఆగకుండా క్లోజ్డ్ టెస్ట్‌లో ఉండాలి. మొదట 20 మంది అన్నారు, తర్వాత 12కి తగ్గించారు. స్నేహితుల మెయిల్ ఐడీలు ఇప్పట్నుంచే అడిగి పెట్టుకోండి. యాపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు, పైగా ఐఫోన్ బిల్డ్ తీసే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో మాత్రమే నడుస్తుంది కాబట్టి ఏ ఇంజిన్ వాడినా ఎక్కడో ఒకచోట మ్యాక్ తగలాల్సిందే. స్టీమ్‌కి గేమ్‌కి 100 డాలర్లు, అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అది వెనక్కి వస్తుంది. గేమ్‌లు పెట్టుకునే సైటు ఇచ్.ఐఓ అయితే ఏమీ కట్టక్కర్లేదు, బ్రౌజర్ గేమ్‌ని పేజీలోనే ఆడించొచ్చు, మీకు మొదటి మజిలీ అదే.

ఆండ్రాయిడ్ గేమ్ మీదేనని డిజిటల్ సంతకం చేసే కీస్టోర్ ఫైలునీ దాని పాస్‌వర్డునీ ప్రాజెక్టు ఫోల్డర్ బయట రెండు చోట్ల దాచుకోండి. గిట్‌లోకి మాత్రం ఎక్కించొద్దు.

అక్షరమాల

ఒక ప్రశ్న: గేమ్‌లో తెలుగు అక్షరాలు ఉంటాయా? ఉంటే ఇంజిన్ ఎంపికలో అది పెద్ద విషయం, దీని గురించి ఇంగ్లిష్ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

ఫాంట్ ఫైలు ఉన్నంత మాత్రాన తెలుగు సరిగ్గా రాదు. "స్త్రీ" అన్న మాటలో ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టే షేపింగ్ అనే పని ఇంజిన్ చేయాలి. చేయకపోతే స కి పొల్లు, పక్కన త కి పొల్లు, ఆ పక్కన రీ, ఇలా విడివిడిగా పడతాయి. గోడాట్ 4లో షేపింగ్ చేసే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ లోపలే ఉంది, తెలుగు, హిందీ, అరబిక్ ఏదైనా మామూలు లేబుల్‌లో రాస్తే సరిగ్గా వస్తుంది. అన్‌రియల్‌లోనూ హార్ఫ్‌బజ్ ఉంది. యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో మన లిపులకి ఆ పని చేయదు. యూనిటీ 6లో యూఐ టూల్‌కిట్ కోసం అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ జనరేటర్ అని కొత్తగా తెచ్చారు, దాన్ని ముందు పరీక్షించుకుని గానీ నమ్ముకోవద్దు. రేలిబ్, ఇప్పటి లవ్ 11, మోనోగేమ్ స్ప్రైట్ ఫాంట్లు, ఇవేవీ షేపింగ్ చేయవు. అలాంటిచోట మాటలని బొమ్మలుగా గీసి పెట్టుకోవడమే దారి, నాలుగు బటన్లకి సరే, సంభాషణలకి కుదరదు.

నోటో సాన్స్ తెలుగు లాంటి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్న ఫాంటునే గేమ్‌లో కలపండి. కంప్యూటర్‌లో ముందే ఉన్న ఫాంటుని కలిపి పంచడానికి చాలాసార్లు అనుమతి ఉండదు.

షార్ప్‌కోడ్

అక్షరమాల గారు చెప్పింది నాకు కొత్త సంగతి, థాంక్స్. తెలుగులో గేమ్ అయితే నా ఓటు కూడా అటే.

వానచినుకు

అవునండీ, పజిల్‌కి సూచనలు తెలుగులోనే పెట్టాలనుకున్నాను, రాయడం మర్చిపోయినా మీరే అడిగారు!

పరీక్షశాల గారు చెప్పినట్టు చతురస్రం ప్రాజెక్టు యూనిటీలోనూ గోడాట్‌లోనూ చేసి చూశాను. రెండూ బ్రౌజర్‌లో తెరుచుకున్నాయి, రెండూ ఫోన్‌లో నడిచాయి. నా మెషీన్ మీద గోడాట్ ఎడిటర్ చాలా తేలిగ్గా ఉంది, తెలుగు మాటలు మొదటిసారే సరిగ్గా కనిపించాయి, దాంతో గోడాట్, జీడీస్క్రిప్ట్ అని ఖాయం చేసుకున్నాను. డిఫోల్డ్ బిల్డ్ సైజు చూసి మనసు కాస్త లాగింది గానీ తెలుగు టెక్స్ట్ విషయంలో ఇది కళ్లతో చూశాను కాబట్టి ఇక్కడే ఆగుతున్నాను.

మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, బ్రౌజర్‌లో గేమ్ తెరవగానే పాట రావడం లేదు, ఏదైనా నొక్కాక వస్తోంది. రెండు, పొడుగు ఫోన్‌లో రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తున్నాయి. మూడు, ఆడేవాళ్ల లెవెల్ ఎక్కడ సేవ్ చేయాలి? మూడు ప్లాట్‌ఫామ్‌లకీ మూడు రకాలుగా రాయాలా?

పిక్సెల్‌పిచ్చి

పాట సంగతి మీ తప్పు కాదు. ఆడేవాళ్లు పేజీ మీద ఒక్కసారైనా నొక్కేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని ఆపేస్తాయి. అందుకే చాలా వెబ్ గేమ్‌లలో "మొదలుపెట్టడానికి నొక్కండి" అని ఒక తెర ఉంటుంది. అది పెట్టేయండి, ఫోన్‌లోనూ బాగానే ఉంటుంది.

నల్ల పట్టీలకి: ప్రాజెక్టు సెట్టింగుల్లో డిస్‌ప్లే, విండో, అందులో స్ట్రెచ్ అని ఉంటుంది. మోడ్‌ని కాన్వాస్ ఐటమ్స్ చేయండి, ఆస్పెక్ట్‌ని ఎక్స్‌పాండ్ చేయండి. ఇప్పుడు పొడుగు తెరలో పక్కన ఎక్కువ చోటు కనిపిస్తుంది, కాబట్టి వెనక బొమ్మ అటూ ఇటూ మిగిలేలా గీయాలి, పజిల్ మాత్రం మధ్యలోనే ఉండాలి. బటన్లని ఆంకర్లతో మూలలకి కట్టండి, పిక్సెల్ కొలతలతో పెట్టొద్దు. కెమెరా కోసం తెరలో గాటు (నాచ్) ఉన్న ఫోన్లలో బటన్ దాని కిందకి పోకుండా డిస్‌ప్లే సర్వర్‌ని సేఫ్ ఏరియా ఎంతో అడిగి అంత లోపలికి జరపండి.

పరీక్షశాల

సేవ్ గురించి నేను చెప్తాను. మూడు రకాలుగా రాయక్కర్లేదు. గోడాట్‌లో యూజర్ అని మొదలయ్యే దారిలోకి రాస్తే చాలు, విండోస్‌లో అది యాప్‌డేటా లోపలికి, ఆండ్రాయిడ్‌లో యాప్ సొంత నిల్వలోకి, బ్రౌజర్‌లో ఇండెక్స్‌డ్‌డీబీ అనే దాని సొంత నిల్వలోకి వెళ్తుంది. రెస్ అని మొదలయ్యే దారిలోకి మాత్రం రాయొద్దు, ఎడిటర్‌లో పని చేస్తున్నట్టే ఉంటుంది గానీ ఎక్స్‌పోర్ట్ అయ్యాక అది చదవడానికి మాత్రమే.

బ్రౌజర్‌లో ప్రైవేట్ విండోలో ఆడినవాళ్ల సేవ్ మూసేయగానే పోతుంది, ఆ మాట ఇచ్ పేజీలో ఒక లైను రాసి పెట్టండి. ఆండ్రాయిడ్‌లో "బయటికి వెళ్లేటప్పుడు సేవ్ చేద్దాం" అనుకోవద్దు, వాళ్లు హోమ్ బటన్ నొక్కి వేరే యాప్‌లోకి వెళ్తే సిస్టమ్ మీ గేమ్‌ని చెప్పకుండానే చంపేయొచ్చు. లెవెల్ పూర్తయిన ప్రతిసారీ సేవ్ చేయండి, అప్లికేషన్ పాజ్ అయిందన్న నోటిఫికేషన్ రాగానే ఇంకోసారి చేయండి. సేవ్ ఫైలులో మొదటే ఒక వెర్షన్ నంబరు రాసుకోండి, తర్వాత మీరు లెవెళ్ల క్రమం మార్చినా పాత ఆటగాళ్ల ఫైలుని గుర్తుపట్టి మార్చుకోవచ్చు.

నా దగ్గర 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. మొదటి నాలుగైదు లెవెళ్లు అవ్వగానే బిల్డ్ ఇక్కడ పెట్టండి, దాంట్లో ఆడి ఎక్కడ తడబడిందో రాస్తాను. టెస్టర్ల లిస్టులోకి నా మెయిల్ కూడా పంపిస్తాను.

బొమ్మలబడి

టైల్స్‌కి బొమ్మలు కావాలంటే చెప్పండి, నేను గీసిస్తాను. ఒక్క టైల్ ఎన్ని పిక్సెళ్లో ముందే తేల్చేయండి చాలు, తర్వాత మార్చితే అన్నీ మళ్లీ గీయాలి.

వానచినుకు

64 బై 64 అనుకుంటున్నానండీ. కొలతలూ రంగులూ మీకు మెసేజ్ చేస్తాను. మొదటి బిల్డ్ లింకు ఇదే దారంలో పెడతాను.